జపాన్ అతిథులతో అరకు నుంచి ఆత్రేయపురం దాకా

మా వారితో కలిసి పనిచేసిన జపాన్ దంపతులు విశాఖ వస్తున్నామని ఫోన్ చేశారు. ఇద్దరికీ అరవై దాటాయి. నాకు పట్టుకున్న బెంగ ఒక్కటే, వీళ్లకు ఏం పెట్టాలి? నాలుగు రోజులు తిరిగొచ్చాక చెబుతున్నాను, చూసిన చోట్లకంటే కూర్చుని తిన్న చోట్లే అందరికీ ఎక్కువగా గుర్తుండిపోయాయి.

పొద్దున్నే కిరండూల్ బండెక్కి అరకు వెళ్లాం. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీట్లు ముందే బుక్ చేసుకోండి, సెలవుల్లో దొరకవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికే 1960లలో ఈ లైను వేశారని చెబితే ఆ జపాన్ ఆయన లేచి, బొర్రా వచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు. బొర్రా గుహలు చూడాల్సినవే, కానీ మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్తే తొందర పడొద్దు.

అరకులో మేం దిగిన హోటల్లో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. టిఫిన్ దగ్గరే మనసు చివుక్కుమంది. మాకు పెసరట్టు తెచ్చి, వాళ్ల ముందు చల్లారిన బ్రెడ్డు, జామ్ పెట్టారు. "ఫారినర్స్ కదండీ, ఇవి తినరు" అన్నాడు అబ్బాయి. వాళ్లనొక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. ఆవిడ నా పెసరట్టు కేసి చూస్తుంటే నాకే సిగ్గేసింది. అదే సాయంత్రం రోడ్డు పక్కన బొంగులో చికెన్ చేసే ఆమె మాత్రం వాళ్లని పొయ్యి దగ్గరికే పిలిచింది. కారం తక్కువ వేసిన బొంగు విడిగా కాల్చి, చీల్చి, ఆకులో దులిపి పెట్టింది. చుక్క నూనె లేదు. అరకులో నేను డబ్బులు పెట్టి తృప్తిపడ్డది అక్కడే.

గది బుక్ చేసేటప్పుడే విదేశీయులకు ఇస్తారా అని ఫోన్ చేసి అడగండి. వాళ్లు దిగిన 24 గంటల్లోగా గది ఇచ్చినవాళ్లే వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి, హోంస్టే అయినా సరే. ఆ పని తెలియని లాడ్జీ ఒకటి రాత్రివేళ మమ్మల్ని గుమ్మంలోంచే పంపేసింది. పాస్‌పోర్టు, వీసా నకళ్లు దగ్గరుంచుకోండి.

దారిలో అన్నవరం ప్రసాదం తీసుకున్నాం. ఆవిడ ముందు విస్తరాకు పొట్లాన్నే వాసన చూసింది. వాళ్లూ కొన్ని మిఠాయిలు ఆకుల్లో చుడతారట.

కోనసీమలో ఒక ఇంట్లో బస. గది చిన్నది, దోమలు ఉన్నాయి, ఫ్యాను చప్పుడు చేస్తుంది. అయినా మళ్లీ అక్కడికే వెళ్తాను, ఆ ఇంటి పెద్దమ్మగారి వడ్డన కోసం. అరిటాకు కొస ఎడమవైపు వచ్చేలా వేసి, ముద్దపప్పు, నెయ్యి, కొద్దిగా ఆవకాయ. వాళ్లు అన్నం విడిగా, కూర విడిగా తినేవాళ్లు, కలపడమే కొత్త. పెద్దమ్మగారు తన వేళ్లతో కలిపి చూపించారు. జపాన్ ఆవిడ వేళ్ల కొసలతోనే నెమ్మదిగా కలిపి, మొదటి ముద్ద జారిపోకుండా ఎడమ చెయ్యి కింద పట్టింది. ఎవరూ నవ్వలేదు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆవిడ ఆకు ఖాళీ చేయడం, "ఇంకొంచెం వేసుకోండమ్మా, ఆయ్" అంటూ పెద్దమ్మగారు వడ్డించడం, ఆవిడ మళ్లీ కష్టపడి తినడం. మూడోసారికి చెమటలు పట్టాయి. మెతుకు మిగల్చకపోవడం వాళ్ల మర్యాద. ఖాళీ ఆకు కనిపిస్తే వడ్డించకుండా ఉండలేకపోవడం మనది. నేను ఆకు మీద చెయ్యి అడ్డంపెట్టి "చాలండి" అనడం నేర్పాను. ఆ మాట ఆవిడ ఎంత శ్రద్ధగా పలికిందో! పెద్దమ్మగారు గరిటె గిన్నెలో పెట్టేసి పక్కనే కూర్చున్నారు. తిన్నాక ఆకు మనవైపుకు మడవాలని చెబితే, అన్నంలో తాము తినే పుల్లలు నిలువుగా గుచ్చకూడదని, అది చనిపోయినవాళ్లకు పెట్టే తీరని ఆవిడ చెప్పింది. "మాకూ పిండం ఉంది కదమ్మా" అన్నారు పెద్దమ్మగారు మెల్లగా. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దుకాణాలు పెరిగాయిగానీ, రేకు తీసే ఇల్లు చూడకుండా కొనొద్దు. బోర్లించిన కుండ కింద మంట, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, ఒక్క లాగుతో పొర. ఆయన రేకుని వెలుతురుకి ఎత్తి, అందులోంచి భార్య ముఖం చూశారు. బెల్లం, నెయ్యి వేసినవి రెండు పెట్టెలు కొని, సామానులో వేయకుండా ఒళ్లో పెట్టుకుని టోక్యో దాకా తీసుకెళ్లారు. మూడే విరిగాయట.