మూడేళ్లుగా తేనెటీగల పుప్పొడి తిన్నాక

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర మా నిమ్మతోట గట్టున పెట్టెలు పెట్టుకున్న తేనెటీగల పెంపకందారు దగ్గర 2021లో మొదటిసారి పావుకిలో పుప్పొడి కొన్నాను. సరుకు దొరకని నెలలు పోను, మూడేళ్లపాటు రోజూ ఉదయం ఒక చెంచా తిన్న అనుభవంతో ఇది రాస్తున్నాను.

ఈగ తన ఒంటికి అంటిన పుప్పొడిని మకరందంతో తడిపి, వెనుక కాళ్లకున్న బుట్టల్లో ముద్ద చేసి గూటికి తెస్తుంది. పెట్టె వాకిట్లో సన్నని రంధ్రాల జాలీ అమర్చితే, ఈగ లోపలికి దూరేటప్పుడు ఆ ముద్దలు రాలి కింది అరలో పడతాయి. గూటిలోని పిల్లలకు మాంసకృత్తులు అందేది పుప్పొడి నుంచే కాబట్టి, జాలీని మధ్య మధ్య తీసేసే మనిషి దగ్గరే కొనడం న్యాయమని నా నమ్మకం.

పోషకాలు పూవును బట్టి మారతాయి. సగటున నూటికి 20 వంతులకు పైగా మాంసకృత్తులు, వాటిలో మన శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు, వీటితోపాటు చక్కెరలు, బి విటమిన్లు, పొటాషియం, ఇనుము, జింకు, క్వెర్సెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) ఉంటాయి. అయితే చెంచాకు పట్టేది 5 గ్రాములే; అంటే అందులో మాంసకృత్తులు ఒక గ్రాముకు అటూ ఇటూ. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. ఈ లెక్క నాకు మొదట్లోనే తెలిసి ఉంటే, రక్తహీనతతో ఉన్న మా అమ్మకు ఆరు నెలలు దీన్నే నమ్ముకుని పెట్టేవాణ్ణి కాదు. ఆమె హిమోగ్లోబిన్ పెరిగింది డాక్టరు రాసిన ఇనుము మాత్రలు వేసుకున్న తరువాతే.

మొదటి నెల గింజల్లా ఉండే ఆ పుప్పొడి ముద్దలను అలాగే మింగితే కడుపు ఉబ్బరించేది. పుప్పొడి రేణువు పైపొర స్పోరోపొలెనిన్ అనే చాలా గట్టి పదార్థంతో ఏర్పడుతుంది, అది సులభంగా అరగదు. రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉదయం మెత్తగా నూరి, రాగి అంబలిలో కలిపి తాగడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది పోయింది, పదకొండు గంటల దాకా ఆకలీ వేయడం లేదు. ఆ గుణంలో అంబలి వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మా మేనల్లుడు తొలిసారే నిండు చెంచా తిని, పెదవులు వాచి, ఊపిరాడక ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. పుప్పొడి పడనివారు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. మిగిలినవారు కూడా మొదటి రోజు రెండు గింజలతో ఆగి చూడాలి.

తాజా పుప్పొడిలో తేమ ఎక్కువ. మా జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టినప్పుడు బయట ఉంచిన సీసా ఒకసారి పూర్తిగా బూజు పట్టింది. అప్పటి నుంచి బాగా ఆరబెట్టిన సరుకే కొద్దికొద్దిగా కొని, గాజు సీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. మూత తీయగానే పులిసిన వాసన వస్తే, ఎంత పెట్టి కొన్నదైనా పారబోస్తాను.