డెబిట్ కార్డు వద్దంటున్నారా? హోల్డ్ పడే చోట ఏది మేలు

హోటల్ రిసెప్షన్‌లో, కారు అద్దెకిచ్చే కౌంటర్లో క్రెడిట్ కార్డు ఇస్తే మారుమాట లేకుండా తీసుకుంటారు. డెబిట్ కార్డు ఇస్తే చాలాచోట్ల వద్దంటారు. రెండింటి మీదా ఉన్నది అదే వీసా గుర్తో, మాస్టర్‌కార్డ్ గుర్తో. డెబిట్ మీద కమిషన్ ఎక్కువ పడుతుంది కాబోలు అని చాలామంది అనుకుంటారు. కానీ మామూలుగా వ్యాపారికి డెబిట్టే చవక. యూరోపియన్ యూనియన్‌లో 2015 డిసెంబర్ నుంచి కార్డిచ్చిన బ్యాంకుకు వెళ్లే ఇంటర్‌చేంజ్ రుసుము డెబిట్ కార్డు మీద 0.2 శాతం, క్రెడిట్ కార్డు మీద 0.3 శాతం దాటకూడదు. చవకైన కార్డును కాదని ఖరీదైన కార్డే కావాలంటున్నారంటే కారణం వేరే ఉంది. అక్కడ చివరి బిల్లు ఎంతవుతుందో ముందుగా తెలియదు.

గుర్తు ఒకటే కదా, ఎందుకు తీసుకోరని కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. అమెరికాలో వాల్‌మార్ట్ తదితర వ్యాపారులు వీసా, మాస్టర్‌కార్డ్‌ల మీద వేసిన దావా 2003లో రాజీతో ముగిసింది. దాని ఫలితంగా 2004 జనవరి 1 నుంచి క్రెడిట్ మాత్రమే తీసుకోవాలా, డెబిట్ మాత్రమే తీసుకోవాలా, రెండూనా అన్నది అక్కడి వ్యాపారి ఇష్టమైంది. యూరోపియన్ యూనియన్‌లోనూ 2016 జూన్ నుంచి ఒక రకం కార్డు తీసుకున్నంత మాత్రాన రెండో రకమూ తీసుకోవాలన్న బలవంతం లేదు. పైగా కార్డు నంబరులోని మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలను బట్టి అది క్రెడిట్టో, డెబిట్టో, ప్రీపెయిడ్డో వ్యాపారి సిస్టమ్‌కు తెలిసిపోతుంది. పైన ఏం అచ్చయి ఉన్నా దానికి పట్టింపు లేదు.

అసలు సంగతి హోల్డ్ దగ్గర ఉంది, అంటే బిల్లు తేలకముందే మీ డబ్బులోనో లిమిట్‌లోనో కొంత ఆపి ఉంచడం దగ్గర. దుకాణంలో సరుకు కొంటే మొత్తం ఖాయం, కార్డు పెట్టగానే లావాదేవీ దాదాపు ముగిసినట్టే. హోటల్‌లో, అద్దె కారులో అలా కాదు. ముందు ఒక అంచనా మొత్తానికి బ్యాంకు నుంచి ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు ఆమోదం) తీసుకుంటారు. బస పొడిగిస్తే ఇంకొంత చేరుస్తారు. ఆఖరున అసలు బిల్లు వసూలు చేసి, మిగిలింది వదిలేయాలి. క్రెడిట్ కార్డుల వ్యవస్థ మొదటి నుంచీ ఆమోదం ఒక సందేశంగా, వసూలు మరో సందేశంగా నడుస్తోంది కాబట్టి ఈ పని దానికి అలవాటే. అమెరికాలోని పిన్ డెబిట్ నెట్‌వర్కుల్లాంటి కొన్నింటిలో మాత్రం ఆమోదం, డబ్బు బదిలీ ఒకే సందేశంలో అయిపోతాయి. ఈ రోజు హోల్డ్ పెట్టి నాలుగు రోజుల తర్వాత వేరే మొత్తం వసూలు చేసుకోవడం వాటిలో కుదరదు. అలాంటిచోట వద్దనడం గుమాస్తా మొండితనం కాదు, అది ఆ మార్గంలో జరిగే పనే కాదు.

కారు అద్దెకిచ్చేవాళ్లకు ఇంకో భయం ఉంటుంది. టోలు, ట్రాఫిక్ జరిమానా, ఇంధనం తగ్గిన లెక్క కారు తిరిగిచ్చాక ఎప్పుడో తేలతాయి. వీసా నిబంధనలు ఇలాంటి చార్జీలకు 90 రోజుల గడువిస్తాయి. అన్నాళ్ల తర్వాత డెబిట్ ఖాతాలో డబ్బుంటుందన్న భరోసా లేదు. క్రెడిట్ లిమిట్‌లో కొంతైనా మిగిలి ఉంటుందన్న ఆశ ఎక్కువ.

ఇక మీ వైపు నుంచి చూద్దాం. మీ ఖాతాలో 1,000 ఉందనుకోండి. హోటల్ గది మూడు రాత్రులకు 450, ఇతర ఖర్చులకు రాత్రికి 50 చొప్పున 150, మొత్తం 600 హోల్డ్ పెట్టారు. వాడుకోవడానికి మిగిలింది 400. వెళ్లేటప్పుడు బిల్లు 480 అయింది. గుమాస్తా పాత ఆథరైజేషన్‌నే పూర్తిచేస్తే 480 వెళ్తుంది, 120 విడుదలవుతుంది. అలా చేయకుండా మెషీన్‌లో కొత్తగా ‘సేల్’ కొడితే? 600 ఇంకా బ్లాక్‌లోనే ఉంది కాబట్టి 400 మీద 480 అడిగినట్టవుతుంది. ఖాతాలో మీ సొంత డబ్బు 1,000 ఉండగానే కార్డు తిరస్కరణకు గురవుతుంది. తరచూ జరిగే పొరపాటు ఇదే. ఇదే 3,000 లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు మీద జరిగితే లిమిట్‌లో 1,080 కొన్నాళ్లు చిక్కుకుంటుంది, అంతే. ఇంటి అద్దె కట్టాల్సిన డబ్బు, ఈఎంఐకి పోవాల్సిన డబ్బు జోలికి ఎవరూ రారు.

హోల్డ్ ఎన్నాళ్లుంటుందన్నది కూడా డెబిట్‌కే ఎక్కువ నొప్పి. మామూలు కొనుగోళ్ల ఆమోదానికి వారం అటూ ఇటుగా గడువుంటే, హోటళ్లు, అద్దె కార్ల ఆమోదాలకు నెల దాకా ఉంటుంది. వ్యాపారి రివర్సల్ (హోల్డ్ రద్దు చేయమన్న సందేశం) పంపితే త్వరగా వదులుతుంది. పంపకపోతే గడువు తీరేదాకా మీ డబ్బు మీది కాదు.

పెట్రోలు పంపుల్లోనూ ఇదే తంతు. అమెరికాలో పంపు దగ్గరే కార్డు పెడితే ఎంత పోయించుకుంటారో తెలియదు కాబట్టి 175 డాలర్ల దాకా హోల్డ్ పడవచ్చు. డెబిట్టే ఉంటే లోపలికి వెళ్లి ఇంతకు పోయండని ముందే చెప్పి కట్టడం ఉత్తమం.

ప్రీపెయిడ్ కార్డు ఈ పనికి అన్నింటికంటే బలహీనం. హోల్డ్‌కు సరిపడా నిల్వ ఉండదు, తర్వాత నింపుతారన్న నమ్మకమూ ఉండదు. అందుకే డెబిట్ ఒప్పుకునేవాళ్లు కూడా దీన్ని కాదంటారు. నగదు డిపాజిట్ కొన్ని హోటళ్లలో నడుస్తుంది, అద్దె కార్ల దగ్గర అరుదు. హోల్డ్ విడుదల కోసం ఎదురుచూసే పని లేకపోవడం నగదుతో ఉన్న సుఖం. అయితే ఎంత తీసుకున్నారు, దేనికి, ఎప్పుడు తిరిగిస్తారు అన్నది రాసిన రశీదు లేకుండా కౌంటర్ వదలొద్దు.

మోసమో, వ్యాపారితో వివాదమో వచ్చినప్పుడు తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికా చట్టంలో క్రెడిట్ కార్డు దుర్వినియోగానికి మీ బాధ్యత 50 డాలర్లకు మించదు. డెబిట్ కార్డు పోయిందని తెలిశాక రెండు పనిదినాల్లో చెబితేనే ఆ 50. ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంట్ పంపి 60 రోజులు దాటినా చెప్పకపోతే ఆ తర్వాతి నష్టానికి పరిమితే లేదు. బ్రిటన్‌లో 100 పౌండ్ల పైన, 30,000 పౌండ్ల వరకు ధర ఉన్నవాటి విషయంలో వ్యాపారి ఒప్పందం తప్పితే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షన్ కార్డిచ్చిన సంస్థను కూడా బాధ్యురాలిని చేస్తుంది. అది క్రెడిట్ కార్డుకే. డెబిట్‌కు మిగిలేది నెట్‌వర్కు నిబంధనల మీద నడిచే చార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా వ్యాపారి నుంచి డబ్బు వెనక్కి రప్పించుకోవడం.

అందువల్ల హోల్డ్ పడే చోట క్రెడిట్ కార్డే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. అయితే లిమిట్ చిన్నదైతే దానికీ తిరస్కరణ తప్పదు. బయల్దేరే ముందు పాత బాకీ కట్టి లిమిట్ ఖాళీ చేసుకోండి. అద్దె కారుకైతే కార్డు మీద పేరు, డ్రైవరు పేరు ఒకటే కావాలని అడుగుతారు, అదీ చూసుకోండి. మొత్తం ముందే ఖాయమైన కొనుగోలుకు డెబిట్ చాలు. అక్కడ వడ్డీ బెడద లేకపోవడం దాని బలం.

డెబిట్ తప్ప వేరే దారి లేదా? బుక్ చేసే ముందే ఆ శాఖకే ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: డెబిట్ మీద హోల్డ్ తీసుకుంటారా, ఎంత, ఇంకేం కాగితాలు కావాలి. కొన్ని అద్దె కార్ల సంస్థలు తిరుగు ప్రయాణం టికెట్టో, చిరునామా రుజువో అడుగుతాయి, ఖరీదైన కార్లు ఇవ్వవు. బిల్లు అంచనాకు రెట్టింపు ఖాతాలో ఉండేలా చూసుకోండి, లేదా ప్రయాణానికే వేరే ఖాతా పెట్టుకుని అంతే అందులో వేయండి. చెక్‌ఇన్‌లో ఇచ్చిన కార్డుతోనే చెక్‌అవుట్‌లో కట్టండి. నగదుతోనో ఇంకో కార్డుతోనో కడితే మొదటి కార్డు మీద హోల్డ్ అలాగే ఉండిపోతుంది, అప్పుడు దాన్ని రివర్స్ చేయమని ప్రత్యేకంగా అడగాలి. రీఫండ్ వేస్తామంటే సరే అనొద్దు. రీఫండ్ అంటే వసూలైన డబ్బు తిరిగివ్వడం, ఇక్కడ ఇంకా వసూలే కాలేదు.

చెక్‌ఇన్ స్లిప్పు మీద ఆరు అక్షరాల ఆథరైజేషన్ కోడ్ ఉంటుంది, దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి. హోల్డ్ వదలకపోతే ఆ కోడ్, తేదీ, మొత్తం చెప్పి వ్యాపారి చేత రివర్సల్ పంపించండి. పంపామంటారు గానీ డబ్బు కనబడటం లేదంటే, అదే విషయం వ్యాపారి నుంచి లిఖితపూర్వకంగా తీసుకుని కోడ్‌తో సహా మీ బ్యాంకుకు ఇవ్వండి. అది చూసి హోల్డ్‌ను తామే తీసేసే బ్యాంకులున్నాయి.