పావురాల వల: పనికి నాలుగు స్టార్లు, బిల్లుకు రెండు

ముందే తేల్చి చెబుతున్నాను. బాల్కనీలోకి పావురాలు రాకుండా కట్టించుకున్న వల గట్టిది, బిగించిన కుర్రాళ్లు పనిమంతులు, ఆఫీసులో కూర్చుని బిల్లు రాసే పెద్దమనిషి మహా గడుసువాడు. ఉద్యోగమంతా ఆడిట్ విభాగంలో చేసినవాణ్ని. కాబట్టి సంస్థ పేరు జోలికి పోకుండా అభ్యంతరాలు మాత్రం రాస్తాను.

మియాపూర్‌లో మాది నాలుగో అంతస్తు. పావురాల పూర్వీకులు కొండ చరియల మీద గూళ్లు పెట్టుకున్న జాతి. కిటికీ మీది సన్‌షేడు, ఏసీ బయటి యూనిట్, బాల్కనీ పిట్టగోడ, అన్నీ వాటి కళ్లకు చరియలే. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ చెప్పుల స్టాండులో నా ఎడమ చెప్పును ఎంచుకోవడానికి ఏ కొండ ఆచారం కారణమో ఎవరైనా చెప్పాలి. అంతకుముందు ఇల్లు తుడిచే బకెట్టు, దానికి ముందు మా అబ్బాయి హెల్మెట్. ఇల్లు కొనేముందు మేం వాస్తు సిద్ధాంతిని మూడుసార్లు పిలిపించాం. ఇవి ఒక్కసారి మెడ అటూ ఇటూ ఆడించి గృహప్రవేశం చేసేస్తాయి.

గూడు అని మర్యాదకు అంటున్నాను. గిజిగాడి పనితనం చూసిన కళ్లతో దాన్ని చూడలేం. మగది ఒక్కో పుల్లే తెస్తుంది, ఆడది కూర్చున్నచోటి నుంచి కదలకుండా అందుకుని పొట్ట కిందికి తోసుకుంటుంది. తెచ్చినదాంట్లో సగం కింద పడుతుంది. పడినదాన్ని తీసుకోవడం ఆ దంపతుల శాస్త్రంలో లేదు, మళ్లీ కొత్త పుల్లకే బయలుదేరతాడు. హెల్మెట్ గూటిని విప్పి చూస్తే మా ఆవిడ కొత్త కొబ్బరి చీపురులోని ఈనెలు, కేబుల్ వైరు ముక్క, పెళ్లిపత్రిక తాలూకు జరీదారం, ఒక ఇనుప మేకు ఉన్నాయి. మేకు మీద పిల్లలు ఎలా పడుకున్నాయో! పసుపు నూగు, ముఖానికి మించిన ముక్కు. వాటిని ముద్దొస్తున్నాయని మా ఆవిడ తప్ప ఎవరూ అనలేదు.

పాత సీడీలు వేలాడదీశాం. తాటాకు చప్పుళ్లకు బెదిరే కుందేళ్లు కావు. ప్లాస్టిక్ గుడ్లగూబను పెడితే, కొన్నాళ్లు దూరంగా ఉండి, ఆ తర్వాత దాని నెత్తి మీదే కూర్చున్నాయి. ఇంతలో మూడో అంతస్తువారి వడియాల మీద మా పావురాల రెట్ట పడింది. సొసైటీ నుంచి నోటీసు మాకు వచ్చింది, పావురాలకు రాలేదు.

ఈ బాధ పెద్దవాళ్లకూ తప్పలేదు. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వారి కొమ్ము ఆకారపు రేడియో యాంటెన్నాలో పావురాలు కాపురం పెట్టాయి. పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు అందులో ఆగకుండా వినిపించే రొదకు ఆ రెట్టే కారణమేమోనని అనుమానించి, పక్షులను పట్టి దూరం పంపించారు. అవి తిరిగి వచ్చేశాయి. రెట్ట కడిగించినా రొద పోలేదు. విశ్వం పుట్టుక నాటి కాంతి మిగిల్చిన జాడే ఆ రొదని ఆ తర్వాత తేలింది. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అదే రెట్టతో నేను సంపాదించినది సొసైటీ నోటీసు.

ఇక సేవ సంగతి. మొదటి రోజు వచ్చిన కుర్రాడు వాషింగ్ మెషీన్ వెనక తొంగిచూసి డ్రిల్లింగ్ మెషీన్ సంచిలో పెట్టేశాడు. "గుడ్లున్నాయి సార్. ఇప్పుడు వల కడితే తల్లి బయట, పిల్లలు లోపల అవుతాయి. ఎగిరిపోయాక ఫోన్ చేయండి" అన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేస్తే "రెండు గుడ్లే కదండీ, తీసి పడేయమనండి" అని సమాధానం. కుర్రాడు వినలేదు, నేనూ వినలేదు. పొదగడానికి రెండున్నర వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల పడుతుంది. ఒక స్టారు ఆ కుర్రాడికి అప్పుడే ఇచ్చేశాను. వచ్చి పోయిన ఖర్చని ఆఫీసు 200 రూపాయలు వేసింది. మొదటి అభ్యంతరం.

రెండోది కొలతలు. పెద్ద బాల్కనీ 12 అడుగులు 9 అడుగులు, వంటింటి వైపుది 6 అడుగులు 9 అడుగులు. మొత్తం 162 చదరపు అడుగులు. బిల్లులో 180 వేశారు. అడుగుకు 20 రూపాయల లెక్కన తేడా 360. అడిగితే "రౌండ్ చేశామండీ" అన్నారు. ఎప్పుడూ పైకే గుండ్రంగా తిరిగే లెక్క ఇది! వాదించాక, ఏసీ గొట్టాల చుట్టూ ఖాళీలు ఉచితంగా మూసి రాజీపడ్డారు.

పని మాత్రం శుభ్రం. అడుగుకో కొక్కెం, చుట్టూ లావుపాటి అంచు తాడు, వల బిగువుగా ఉంది. కింది అంచు ఎలా బిగించారో వంగి చూసుకోండి; పావురం ఎగిరి రాదు, గోడ మీద తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి వదులు దొరికినచోట తల దూరుస్తుంది. పావురాలకు రెండు అంగుళాల కన్నున్న వల సరిపోతుంది. పిచ్చుకల బెడద కూడా ఉంటే ఇంకా సన్నకన్ను అడగాలి. పాత రెట్టను మాత్రం పొడిగా చిమ్మకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపి తీయాలి.

మూడో అభ్యంతరం అన్నిటికంటే పెద్దది. పిట్టగోడ మీద నిలబడి డ్రిల్లింగ్ చేయబోతున్న కుర్రాడి నడుముకు సేఫ్టీ బెల్టు లేదు. బండి డిక్కీలో ఉందన్నాడు. కిందికి పంపి తెప్పించి, కట్టుకున్నాకే పని మొదలుపెట్టనిచ్చాను. మీరూ అలాగే చేయండి, వాళ్లు విసుక్కున్నా సరే.

నాలుగో అభ్యంతరం చిన్నదే గానీ ఇంకా తెగలేదు. మిగిలిన వల ముక్కను ఉండగా చుట్టి, వలకు అవతల, ఏసీ యూనిట్ మీద వదిలేసి వెళ్లారు. మెత్తగా, గుంటగా, పైన నీడతో, పావురాల చరిత్రలోనే ఇంత నాణ్యమైన గూడు ఉండి ఉండదు. అందులో ఇప్పుడు రెండు గుడ్లున్నాయి. తీసుకెళ్లమని ఆఫీసుకు ఫోన్ చేస్తే, వచ్చి పోయే ఖర్చు 200 అవుతుందన్నారు.