నాలుగేళ్లుగా రోజూ తిప్పుతున్న చేతి కాఫీ గ్రైండర్

2021 డిసెంబరులో కొన్నాను, నాలుగేళ్లు దాటింది, రోజూ వాడుతున్నాను కాబట్టి ఇక ధైర్యంగా రాయొచ్చనిపించింది. మాది పాలకొల్లు. ఇంట్లో నలుగురం, నలుగురికీ పొద్దున్నే స్టీలు ఫిల్టర్‌లో దిగిన డికాషనే కావాలి. ఎస్ప్రెస్సో జోలికి నేను పోలేదు, అందుకని నేను రాసేది ఫిల్టర్ కాఫీ వాళ్లకే పనికొస్తుంది.

అంతకు ముందు మిక్సీ చిన్న జార్‌లో ఆడించేవాళ్లం. మిక్సీ బ్లేడు గింజని నలపదు, కొడుతుంది. దాంతో కొంత పిండైపోతుంది, కొంత పలుకులుగా మిగులుతుంది. ఆ పిండి ఫిల్టర్ కన్నాల్లో కూర్చుందంటే ఇక డికాషన్ దిగదు. రాత్రి నీళ్లు పోసి పడుకుంటే తెల్లారేసరికి పైగిన్నెలో నీళ్లు అలాగే ఉండేవి, అమ్మ చెంచా తిరగేసి ఫిల్టర్ అంచు మీద టకటకా కొడుతూ నిలబడేది. పలుకుల్లోంచేమో సారం పూర్తిగా దిగదు. ఒకే గ్లాసులో చేదూ చప్పదనమూ రెండూ ఎందుకు వస్తున్నాయో తెలియక ఏడాది పాటు గింజలే మార్చుకుంటూ పోయాను, తప్పు గింజలది కాదు.

సరే అని మొదట 1,400 రూపాయలకి పింగాణీ బర్ ఉన్న చేతి గ్రైండర్ ఒకటి తెప్పించాను. బర్ అంటే మన తిరగలి రాళ్ల లాంటిదే, ఒకటి కదలకుండా ఉంటుంది, రెండోది దాని లోపల తిరుగుతుంది, మధ్య సందు ఎంతుంటే పొడి అంత. తిరగలి ఇరుసు వదులైతే పిండి ఎలా వస్తుందో తెలుసు కదా, అందులోనూ అదే జరిగింది. నడిమి కడ్డీకి పట్టు ఒక్కచోటే ఉండేది, తిప్పుతుంటే బర్ అటూ ఇటూ ఊగేది. బరకగా పెట్టేకొద్దీ ఊపు ఎక్కువ. 1,400 పోయాయనే అనుకోండి. అందుకే ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే, పెట్టెలోంచి తీయగానే హ్యాండిల్ పెట్టే కడ్డీని వేళ్లతో పక్కకి కదిపి చూడండి, కదిలితే వెంటనే వెనక్కి పంపేయండి.

ఇప్పుడు వాడుతున్నది 38 మిల్లీమీటర్ల స్టీలు బర్ ఉన్నది, కడ్డీకి పైనా కిందా రెండు బేరింగులు. నాకు 5,600 పడింది. అదే డబ్బుకి కరెంటువి కూడా చూశాను కానీ ఆ ధరలో దొరికినవన్నీ బ్లేడువే, అంటే ఇంట్లో ఉన్న మిక్సీని ఇంకో రూపంలో మళ్లీ కొనడం. బర్ ఉన్న మంచి కరెంటు గ్రైండర్ అప్పట్లో నా బడ్జెట్‌కి చాలా పైన ఉండేది. చేతిదాంట్లో మోటారు ఖర్చు ఉండదు కాబట్టి ఆ డబ్బు బర్‌లోకి వెళ్తుంది. బడ్జెట్ తక్కువైతే చేతిదే కొనమనడానికి నాకున్న అసలు కారణం ఇదే.

కొన్న రెండో రోజు అమ్మ ఒక్క గుక్క తాగి "ఏరా, గింజలు మార్చావా?" అంది. మార్చలేదు, అవే అరకు గింజలు.

సెట్టింగ్ కుదరడానికి వారం పట్టింది. సందు మార్చే మరతో బర్ పూర్తిగా బిగించి, అక్కణ్నుంచి అది చేసే క్లిక్కులు లెక్కపెడుతూ వదులు చేయాలి. మా స్టీలు ఫిల్టర్‌కి 14 దగ్గర కుదిరింది, చేత్తో పట్టుకుంటే ముగ్గుపిండి కంటే బరక, ఇడ్లీ రవ్వ కంటే మెత్తన. ఫిల్టర్ కన్నాలు ఇంటింటికీ తేడా, కాబట్టి 14 అనేది మీకు మొదలు పెట్టడానికి మాత్రమే. చికోరీ మాత్రం గ్రైండర్‌లో వేయకండి, తేమ పీల్చుకుని బర్ పళ్లకి బంకలా అంటుకుంటుంది. మేం చికోరీ పొడి విడిగా కొని, గింజలు ఆడించాక కలుపుతాం.

తేమ మన దగ్గర పెద్ద విషయం. గింజల మీద నీటి చుక్క చల్లి ఆడిస్తే పొడి గోడలకి అంటుకోదని వీడియోల్లో చెప్తారు, నిజమే కానీ మన గాలికి ఆ అవసరం దాదాపు రాదు. మన సమస్య తుప్పు. స్టీలు బర్‌ని నీళ్లతో కడగొద్దు. నేను పదిహేను రోజులకోసారి విప్పి బ్రష్‌తో దులుపుతాను, శ్రావణ భాద్రపదాల్లో అయితే వారం వారం. పచ్చి బియ్యం వేసి తిప్పితే శుభ్రమవుతుందని మా పిన్ని చెప్పింది కానీ వేయించిన కాఫీ గింజ కంటే బియ్యం గట్టి, అందుకని వేయలేదు.

రెండో ఏడు ఒక పొద్దున్న తిప్పుతుంటే హ్యాండిల్ ఠక్కున ఆగిపోయింది. బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి, విప్పి పళ్లెంలో బోర్లించాను. కందిగింజంత రాయి, అచ్చం కాఫీ రంగులో. బర్ అంచున ఒకచోట గోరుకి తగిలేంత చిన్న గంటు పడింది, రుచిలో మాత్రం తేడా రాలేదు. చేతికి తెలిసింది కాబట్టి అంతటితో పోయింది. అప్పట్నుంచి గింజల్ని పళ్లెంలో పరిచి చూశాకే పోస్తున్నాను.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకి కరెంటు పోయినప్పుడు గ్యాసు పొయ్యి, ఈ గ్రైండర్ ఉంటే చాలింది. పక్కింటి మాస్టారు గారికి కూడా ఫ్లాస్కులో పోసి ఇచ్చాం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒకసారికి 20 గ్రాములే పడుతుంది, నిమిషంన్నర తిప్పాలి, మా నలుగురికి రెండు దఫాలు. అమ్మకి మణికట్టు నొప్పి, తను తిప్పలేదు, నేను ఊళ్లో లేని రోజు ముందు రాత్రే ఆడించి డబ్బాలో పెట్టి వెళ్తాను. సంక్రాంతికి అక్కా బావా పిల్లలతో కలిపి పన్నెండు మందిమి అవుతాం, ఆ మూడు రోజులూ పొడే కొంటాం. ఇంట్లో తిప్పే మనిషి లేకపోయినా, రోజూ ఆరేడుగురికి కలపాలన్నా ఇది కొనకండి, ఇంకొన్నాళ్లు ఆగి బర్ ఉన్న కరెంటుదే తీసుకోండి.

మూడో ఏడు హ్యాండిల్ చెక్క పిడి పగిలింది. విడిగా దొరకలేదు, ఇక్కడే వడ్రంగి చేత టేకు ముక్కతో చేయించాను, 150 తీసుకున్నాడు. పాతదాని కంటే కాస్త లావుగా ఉంది, చేతికి పట్టు బాగా కుదిరింది.