రాగి రేడియేటర్‌తోనూ అల్యూమినియంతోనూ పన్నెండేళ్లు

మా ఇంట్లో పాత ట్రాక్టర్‌కి ఉన్నది రాగి-ఇత్తడి రేడియేటర్. 2012లో కొన్న సరుకుల వ్యాన్‌కి అల్యూమినియంది, ట్యాంకులు ప్లాస్టిక్‌వి. రెండిటితోనూ తిప్పలు పడ్డాను.

రాగి వేడిని అల్యూమినియం కంటే ఒకటిన్నర రెట్లకు పైగా లాగుతుంది, నిజమే. కానీ మన ట్రాక్టర్ రేడియేటర్లో నీళ్లు పారే గొట్టాలు ఇత్తడివి. రాగి ఉండేది రెక్కల్లోనే. ఆ రెండిటినీ కలిపేది సీసం-తగరం మాటు. ఇత్తడీ మాటూ అల్యూమినియం పాటి కూడా వేడి లాగవు. అల్యూమినియందే అయినా, వ్యాన్ మే నెలలో ఫుల్ లోడుతో హైదరాబాద్ రోడ్డెక్కినా ఇంజిన్ వేడి చూపే ముల్లు సగం దాటదు. బరువు సంగతి చెప్పక్కర్లేదు: ట్రాక్టర్‌ది దించడానికి ఇద్దరం కావాలి, వ్యాన్‌ది చంకలో పెట్టుకుని నడిచా.

అసలు తేడా రిపేరులో తెలుస్తుంది. ట్రాక్టర్‌ది కారితే విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లా. తొట్టి నీళ్లలో ముంచి గాలి కొట్టారు. కింది మూలన బుడగలు గొలుసులా లేచాయి. అక్కడ గీకి, యాసిడ్ రాసి, తగరం కడ్డీ కరిగించి మాటేశారు. గంటలో బయటపడ్డా. వ్యాన్‌ది ట్యాంకు అంచున చిట్లితే, అదే మేస్త్రి ఒకసారి తిప్పి చూసి "దీనికి మాటు పట్టదన్నా" అనేశాడు. అతుకు మందు పెట్టించా, మూడు వారాలు ఆగింది. చివరికి కొత్తది కొనాల్సొచ్చింది.

తప్పు నాది కూడా. వ్యాన్‌లో కూలెంట్ (రేడియేటర్లో పోసే చల్లబరిచే ద్రవం) తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోయించా. పాతది కోసి చూస్తే లోపల తెల్లటి బురద, గొట్టాలకు సూది గుంటలు. ట్రాక్టర్‌కీ అవే నీళ్లు, దానికీ సున్నం పట్టింది. కాకపోతే పై ట్యాంకు మాటు విప్పి గొట్టాల్లో ఊచలు దూర్చి కడిగించుకున్నాం. ప్లాస్టిక్ ట్యాంకుల వాటికి మా వైపు ఆ పని చేసేవాళ్లు నాకు దొరకలేదు.

ఇప్పుడు వ్యాన్‌లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. డిక్కీలో ఒక డబ్బా ఎప్పుడూ ఉంటుంది, డ్రైవర్‌కి బోరు దగ్గర ఆపే పనే లేదు. హైవే బండికి అల్యూమినియమే కొనండి. పొలంలో కాలవ నీళ్లు పోసి నడిపే ట్రాక్టర్‌కి మాత్రం, అల్యూమినియం వేయించమని షాపువాడు ఎంత చెప్పినా, నేను రాగి కోర్‌నే (గొట్టాలూ రెక్కలూ ఉండే మధ్య భాగం) కొత్తది వేయించా. పాత కోరును తూకం వేసి బిల్లులో తగ్గించారు. వ్యాన్ పాతది ఇంకా పెరట్లోనే ఉంది, ప్లాస్టిక్ ఊడదీసి తెస్తే చూద్దామన్నాడు పాత సామాన్లవాడు.