వాలెట్టాలో బస ఎక్కడ మేలు

మాల్టా రాజధాని వాలెట్టా విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. నగర ద్వారం దగ్గర బస్సు దిగి, రిపబ్లిక్ వీధి వెంట ఆ చివరనున్న సెయింట్ ఎల్మో కోట దాకా తీరిగ్గా నడిచినా అరగంట పట్టదు కనుక, బస ఎక్కడైనా ఒకటేనని మేము అనుకున్నాము. ఆ లెక్క తప్పని మొదటి సాయంత్రమే మా అమ్మగారి మోకాళ్లు తేల్చేశాయి.

1565లో ఒట్టోమన్ ముట్టడిని తట్టుకుని నిలిచిన సెయింట్ జాన్ యోధసంఘం (అప్పట్లో మాల్టాను ఏలిన క్రైస్తవ యోధుల సంఘం), మరుసటి సంవత్సరమే ఈ నగరానికి శంకుస్థాపన చేసింది. ఎత్తైన రాతి నేల మీద చదరంగం గళ్లలా వీధులు తీర్చడం వల్ల అడ్డవీధులు ఇరువైపులా సముద్రం దాకా వాలిపోతాయి. వాటిలో కొన్ని వీధులనడం కన్నా మెట్ల వరుసలనడమే సబబు. మా గది అటువంటి చోట, లిఫ్టు లేని పాత ఇంటి మూడో అంతస్తులో దొరికింది. ప్రకటనలో లిఫ్టు ఊసు లేదు, మేమూ అడగలేదు. అయితే అద్దాలు బిగించిన ఆకుపచ్చ చెక్క బాల్కనీలో కూర్చుని, ఎదుటి సున్నపురాతి గోడ సాయంకాలానికి తేనె రంగుకు తిరగడం చూశాక, ఆ గదిని తిట్టుకోవడానికి మనసొప్పలేదు.

రెండు రాత్రుల తరువాత పక్క పట్టణం స్లియెమాకు మారాము. లిఫ్టు ఉంది, గది విశాలంగా ఉంది, కిటికీలోంచి నీటికి ఆవల వాలెట్టా మొత్తం కనిపిస్తుంది. కానీ చుట్టూ ఉన్నవి ఎక్కడైనా కనిపించే అపార్ట్‌మెంట్లే. పైగా అక్కడి ఫెర్రీ వాలెట్టాలో కొండ అడుగున దింపుతుంది, మళ్లీ ఎక్కుడే. రెండో వైపు నీటికి ఆవలనున్న పాత పట్టణం బిర్గూ నుంచి వచ్చే ఫెర్రీకి ఆ బాధ లేదు: వాలెట్టా రేవు దగ్గరే 58 మీటర్ల బరక్కా లిఫ్టు ఉంది, నేరుగా కొండ మీది బరక్కా తోటలోకి చేరుస్తుంది. మళ్లీ వెళితే, వాలెట్టా కన్నా ముందు యోధులు కాపురమున్న బిర్గూలోనే బస చేస్తాను.

ఇక సెయింట్ జాన్ కో-కెథెడ్రల్. 1570లలో కట్టిన ఈ చర్చి బయటికి సాదాగా గోదాములా ఉంటుంది, లోపల బంగారు పూత లేని జానెడు గోడ దొరకదు. నేల నిండా దాదాపు 400 చలువరాతి సమాధి ఫలకాలు, వాటి మీద రంగురాళ్లతో పొదిగిన పుర్రెలు, అస్థిపంజరాలు. ఆ రాళ్లు చెడకుండా సన్నమడమల చెప్పులను అనుమతించరు. చచ్చిపోయినవాళ్ల పేర్లు తొక్కడమేమిటని అమ్మగారు అంచులు వెతుక్కుంటూ నడిచారు కానీ, అంచు దాటితే మరో పేరే. ప్రార్థన మందిరంలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో చిత్రించిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే, ఆ సంతకం కూడా మెడ నుంచి కారిన నెత్తురులోనే కనిపిస్తుంది. టికెట్టుతో పాటు ఇచ్చే ఆడియో గైడు బాగుంది. తలుపులు తీయగానే వెళ్లడం మంచిది, తరువాత ఆ చిత్రం ముందు నిలబడే చోటుండదు.

శాకాహారులకు పస్తిజ్జి ఆదుకుంటుంది: పొరలు పొరలుగా విడిపోయే కజ్జికాయ వంటిది, లోపల రికోటా జున్ను గాని బఠాణీ ముద్ద గాని ఉంటుంది. పిండిలో పందికొవ్వు కలిపే పాత పద్ధతి ఉంది కాబట్టి మేము ప్రతి దుకాణంలోనూ అడిగే కొన్నాము.