షోనా ఎంబిరా: ఆరేళ్లు వాయించాక

హరారేలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక తయారీదారు ఇంటికి వెళ్లి కొన్న ఎంబిరాను, అంటే కొయ్య పలక మీద బిగించిన ఇనుప మీటలను వేళ్లతో మీటే వాద్యాన్ని, ఆరేళ్లుగా, మొదట జింబాబ్వేలోను తరువాత విశాఖపట్నంలోను, దాదాపు ప్రతి సాయంత్రం వాయిస్తున్నాను. జింబాబ్వేలోని షోనా ప్రజలు పితృదేవతలను పిలుచుకొనే ‘బిరా’ జాగరణలలో వినిపించే పెద్ద రకం ఇది. 1586 ప్రాంతంలో ఆగ్నేయ ఆఫ్రికాలో తిరిగిన పోర్చుగీసు మతాచార్యుడు జొవావ్ దోస్ సాంతోస్ తొమ్మిది ఇనుప మీటల ‘అంబిరా’ను వర్ణించాడు, నా వాద్యానికి 24 మీటలున్నాయి.

పలకను ముబ్వామరోపా కొయ్యతో చేశారు. నరికితే నెత్తుటి వంటి ఎర్రటి జిగురు కారే ఈ చెట్టు మన ఎర్రచందనానికీ వేగిసకూ దగ్గరి చుట్టం. విశాఖ ఉప్పుగాలికి ఆ కొయ్య కొంచెమైనా వంగలేదు గాని మీటలకు మాత్రం మొదటి వర్షాకాలంలోనే తుప్పు పట్టింది. అప్పటి నుంచి వాయించిన ప్రతిసారీ వేళ్ల చెమటను పొడి గుడ్డతో తుడిచి పెడుతున్నాను. ఎడమ బొటనవేలు రెండు వరుసలను, కుడి బొటనవేలు ఒక వరుసను కిందికి నొక్కుతుంటే, కుడి చూపుడువేలు కొన్ని మీటలను అడుగు నుంచి పైకి మీటుతుంది. ఆ చూపుడువేలి గోరు పక్కన చర్మం గట్టిపడడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ నొప్పి తప్పలేదు.

విన్నవారిలో చాలామంది అడిగేది పలక మీద బిగించిన సీసా మూతల జరజర గురించే. పూర్వం నత్తగుల్లలు కట్టేవారు. అది లోపమనుకొని ఒకసారి మూతలు విప్పి చూశాను. జీవాళి తీసేసిన తంబురాలా స్వరం బోసిపోయింది, మర్నాడే తిరిగి బిగించాను. అలాగే హార్మోనియానికి సరిపడేలా శ్రుతి మార్చమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను, ఎందుకంటే ప్రతి తయారీదారూ తన చెవికి నచ్చిన అంతరాలతో శ్రుతి చేసే ఈ వాద్యంలో ఆ అంతరాలే దాని ఊరూ పేరూ. 1950ల నుంచి సంగీత పరిశోధకుడు హ్యూ ట్రేసీ ప్రచారంలోకి తెచ్చిన, ఇదే కోవకు చెందిన కలింబా పాశ్చాత్య స్వరస్థాయికి కుదిర్చినది కనుక, దాన్ని వాయించి ఎంబిరాను అంచనా వేయడం న్యాయం కాదు.

కొనేవారు ‘డేజే’ అనే బుర్రను కూడా తప్పక తీసుకోవాలి. పలకను ఆ బుర్ర లోపల బిగించి వాయించినప్పుడే మంద్రం గది నిండుతుంది. నా ఆనపకాయ బుర్ర ప్రయాణంలో పగిలింది, ఇప్పుడు ఫైబర్‌గ్లాస్ బుర్ర వాడుతున్నాను. గట్టిదే గాని ధ్వని కాస్త బిరుసు. ఎడమవైపు దిగువ వరుసలో ఒక మీట ఏటా వదులై శ్రుతి దిగుతుంది, చిన్న సుత్తితో వెనక్కి తట్టి, పై స్థాయిలోని దాని జోడుతో కలిసేవరకు చెవి ఒగ్గి సరిచేసుకుంటాను.